విదేశంలో కాస్ట్‌కోకి వెళ్తున్నారా? కార్డు దగ్గర్నుంచి పెట్టె సర్దేదాకా వరుసగా

మా నెల్లూరు మాగుంట లేఔట్‌లో ఏ అపార్ట్‌మెంట్ చూసినా అమెరికాలో ఒక బిడ్డ, ఆస్ట్రేలియాలోనో కెనడాలోనో ఇంకో బిడ్డ. కావలి, ఒంగోలు చుట్టాలదీ అదే కథ. అందుకే, డబ్బు కట్టి చేరినవాళ్లకే పెద్ద ప్యాకెట్లలో సరుకు అమ్మే కాస్ట్‌కో కొట్ల గురించి ఈ ప్రశ్న నాకు నెలకోసారైనా వస్తుంది: "అక్కా, డల్లాస్‌లో మా అమ్మాయితో వారం వారం కాస్ట్‌కోకి పోయేదాన్ని. ఇప్పుడు అబ్బాయి దగ్గరికి మెల్‌బోర్న్ పోతున్నా. ఆ కార్డు అక్కడ పనిచేస్తుందా? ఏం కొనాలి, ఏం కొనకూడదు?"

నేను డల్లాస్, టొరంటో, మెల్‌బోర్న్, టోక్యో పక్కనున్న మకుహరి, ఈ నాలుగు చోట్లా కాస్ట్‌కో చూశాను. బయట ఎర్ర అక్షరాల బోర్డు, లోపల సిమెంటు నేల, పైకప్పు దాకా పేర్చిన పెట్టెలు, అన్నీ ఒకేలా ఉంటాయి. ఒకేలా ఉన్నాయి కదా అని మనం ఆదమరుస్తాం. కార్డు, కొలత, పన్ను, మాంసం పేరు, తేదీ రాసే తీరు మాత్రం దేశం మారితే మారిపోతాయి. ఆ మార్పులను ముందే తెలుసుకుని ఒక వరుసలో వెళ్తే టెన్షన్ ఉండదు.

1. వెళ్లే ముందు: కార్డు ఎవరిది, వెంట ఎవరు

కాస్ట్‌కో 14 దేశాల్లో ఉంది: అమెరికా, కెనడా, మెక్సికో, బ్రిటన్, ఫ్రాన్స్, స్పెయిన్, ఐస్‌లాండ్, స్వీడన్, జపాన్, దక్షిణ కొరియా, తైవాన్, చైనా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. మన దేశంలో కొట్టు లేదు. ఒక దేశంలో తీసుకున్న మెంబర్‌షిప్ కార్డు మిగతా దేశాల్లోనూ చెల్లుతుంది. అంటే డల్లాస్ కార్డుతో మెల్‌బోర్న్ కొట్టులోకి వెళ్లొచ్చు. అక్కడ మళ్లీ డబ్బు కట్టి చేరక్కర్లేదు.

కానీ కార్డు మీద ఎవరి ఫొటో ఉందో వాళ్లే రావాలి. అమ్మాయి కార్డు అమ్మ చేతికిచ్చి పంపితే కుదరదు. అమెరికాలో ఒక మెంబర్‌షిప్‌కి అదే ఇంట్లో ఉండే ఇంకొకరికి రెండో కార్డు ఉచితంగా ఇస్తారు. భార్యాభర్తలిద్దరూ ఆ కార్డులు తీసుకుని ఉంటే చాలా పనులు తేలికవుతాయి.

కార్డున్న మనిషి తనతో ఇద్దరు పెద్దవాళ్లను తీసుకెళ్లొచ్చు, పిల్లలు ఆ లెక్కలోకి రారు. అమ్మానాన్నలతో పాటు వియ్యంకులు కూడా ఆ సమయానికే వచ్చి ఉంటే నలుగురవుతారు. అప్పుడు రెండు కార్డులు కావాలి, లేదా రెండు రోజులుగా వెళ్లాలి. వెంట వెళ్లినవాళ్లు చూడొచ్చు, ఎంచుకోవచ్చు. డబ్బు కట్టాల్సింది మాత్రం కార్డున్నవాళ్లే.

ఫోన్‌లో కార్డు ఉంది కదా అని ప్లాస్టిక్ కార్డు ఇంట్లో వదిలేయకండి. పరాయి దేశంలో ఫోన్‌కి నెట్ లేకపోవచ్చు. గేటు దగ్గర స్కాన్ కాకపోతే గొడవపడకుండా మెంబర్‌షిప్ కౌంటర్‌కి వెళ్లి కార్డు, పాస్‌పోర్టు చూపించండి.

బయల్దేరే ముందు రాత్రి చూసుకోవాల్సినవి:

- ప్లాస్టిక్ కార్డు, దాని గడువు తేదీ
- కార్డున్నవాళ్ల గుర్తింపు పత్రం
- ఆ కొట్టు తెరిచే వేళ, ఆ దేశపు సెలవు రోజులు
- చేతి సంచులు, చల్లని సరుకుకి థర్మల్ సంచి
- అనువాదం చేసే యాప్, ఆ భాషను ముందే డౌన్‌లోడ్ చేసుకుని
- కళ్లజోడు. లేబుళ్ల మీద అక్షరాలు చాలా చిన్నవి.

2. డబ్బు ఎలా కట్టాలో ముందే తేల్చుకోండి

ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. అమెరికా కాస్ట్‌కోలో క్రెడిట్ కార్డు అంటే వీసా. కెనడాలో మాస్టర్‌కార్డు. కొరియాలో అక్కడి హ్యుందాయ్ వాళ్ల క్రెడిట్ కార్డు. జపాన్‌లో మాస్టర్‌కార్డు నడుస్తుంది. అమెరికాలో ఏళ్ల తరబడి గీకిన వీసా కార్డు సరిహద్దు దాటి టొరంటో వెళ్లగానే అదే కొట్టులో చెల్లదు.

మేం నయాగరా చూసి టొరంటోలో ఆగినప్పుడు మా అల్లుడి జేబులో ఉన్నవి రెండూ వీసాలే. ట్రాలీ నిండా సరుకు, వెనక పెద్ద వరుస. మా అమ్మాయి దగ్గర మాస్టర్‌కార్డు ఉండబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరు ఏ దేశం వెళ్తున్నా ఒక వీసా, ఒక మాస్టర్‌కార్డు, కొంత నగదు, ఈ మూడూ తీసుకునే కదులుతారు. కొరియా, తైవాన్ లాంటి చోట్లకు నగదు కాస్త ఎక్కువే ఉంచుకోండి.

మన బ్యాంకు కార్డుల్లో విదేశీ లావాదేవీలు చాలావరకు మూసే ఉంటాయి. బ్యాంకు యాప్‌లో తెరిచి, రోజు పరిమితి పెట్టుకోండి. ఆ పని నెల్లూరులో ఉండగానే చేయాలి. అక్కడికెళ్లాక ఓటీపీ రావడానికి మన సిమ్ పనిచేయకపోతే ఏమీ చేయలేం.

మిషన్ మీద "మీ దేశపు డబ్బులోనా, ఇక్కడి డబ్బులోనా?" అని అడిగితే ఇక్కడి డబ్బే నొక్కండి. రూపాయల్లో కడితే అర్థమవుతుంది కదా అనిపిస్తుంది కానీ ఆ మార్పిడి రేటులో మనకే నష్టం.

3. ఇంటి రేట్ల కాగితం రాసుకోండి

స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ కొట్లలో సరుకు తెచ్చేవాళ్లకు ఈ అలవాటు ఉంటుంది. చిల్లర రేటు తెలియనిదే బస్తా రేటు చవకో కాదో చెప్పలేం. విదేశంలోనూ అంతే. పెద్ద ప్యాకెట్ అయితే చవకేనని నమ్మొద్దు.

మీ ఇంటికి నిజంగా కావాల్సిన 10 సరుకులు రాయండి. బాదం, జీడిపప్పు, నూనె, పాలు, బియ్యం, చికెన్, డైపర్లు, బట్టల సబ్బు, ఇలా. ఒక్కోదాని పక్కన ఆ ఊళ్లోనే మామూలు కొట్టులో కిలో ఎంతో రాయండి. మెల్‌బోర్న్ అయితే వూల్‌వర్త్స్, కోల్స్, ఆల్డి రేట్లు ఫోన్‌లోనే కనిపిస్తాయి.

గమనించండి, డల్లాస్ రేటు కాదు, నెల్లూరు రేటు కాదు. మెల్‌బోర్న్ పాలను నెల్లూరు పాలతో పోలిస్తే గుండె ఆగిపోతుంది, ప్రయోజనం ఉండదు. పిల్లలు సంపాదించేది అక్కడి డబ్బులో, ఖర్చు పెట్టేదీ అక్కడే. పక్క కొట్టుతోనే పోల్చాలి.

4. మొదటి చుట్టు ఖాళీ ట్రాలీతో

లోపలికి వెళ్లగానే టీవీలు, ఫోన్లు, నగలు. మధ్యలో బట్టలు, ఆ కాలానికి తగిన సామాన్లు. వెనక గోడ వారగా మాంసం, రొట్టెలు, పాలు, కూరగాయలు. ఈ అమరిక దాదాపు అన్ని దేశాల్లో ఒకటే, కాబట్టి దారి తప్పరు. జపాన్‌లో కొన్ని కొట్లు అంతస్తులుగా ఉండి, కారు పార్కింగ్ పైన, సరుకు కింద ఉంటుంది. వాలుగా ఉండే కదిలే దారి మీద ట్రాలీతో సహా దిగాలి. ట్రాలీ చక్రాలు ఆ దారికి పట్టుకుంటాయి, తోయకుండా నిలబడితే చాలు.

మొదటి చుట్టులో ఏమీ వేయకండి. ఫోన్‌లో ఫొటోలు తీసుకుంటూ నడవండి. మీ ఊరి కొట్టులో లేనివి ఏవో అప్పుడే కంటపడతాయి. రెండో చుట్టులో ముందు పొడి సరుకులు, తర్వాత బట్టలు, చివర్లో చల్లనివి వేసుకోండి.

5. ధర చీటీ చదివే పద్ధతి

ఈ ఒక్క అంశం మీద నిదానంగా సమయం పెట్టండి. చీటీ మీద ముందుగా చూడాల్సింది పన్ను.

అమెరికా, కెనడాలో చీటీ ధరలో పన్ను కలిసి ఉండదు. కౌంటర్‌లో కలుస్తుంది. కెనడాలోని అంటారియోలో పన్ను 13 శాతం, అయితే బియ్యం, పాలు, కూరగాయల లాంటి మామూలు తిండి సరుకుకి పడదు. ఆస్ట్రేలియాలో చీటీ మీద ఉన్నదే మీరు కట్టేది, పన్ను పడే సరుకుకి ఆ 10 శాతం అందులోనే ఉంటుంది. జపాన్‌లో పన్ను కలిపిన ధర చీటీ మీద చూపించాలని నియమం. తిండికి 8, మిగతా వాటికి 10 శాతం. బ్రిటన్‌లో పన్ను లేని ధర, పన్ను కలిపిన ధర రెండూ ఒకే చీటీ మీద ఉంటాయి. తొందరలో మొదటిది చూసి సంబరపడకుండా రెండోది చూడండి. అక్కడ పన్ను చాలా వస్తువులకు 20 శాతం.

తర్వాత కొలత. అమెరికాలో పౌను, ఔన్సు, గ్యాలన్. మిగతా చోట్ల కిలో, లీటరు. ఈ నాలుగు గుర్తుంచుకుంటే సరిపోతుంది:

- 1 పౌను = 454 గ్రాములు
- 1 ఔన్సు = 28 గ్రాములు
- అమెరికా గ్యాలన్ = 3.8 లీటర్లు
- ద్రవాల ఔన్సు = దాదాపు 30 మిల్లీలీటర్లు

పౌను ధర తెలిస్తే 2.2తో గుణించండి, కిలో ధర వస్తుంది. పౌను 4 డాలర్లు అంటే కిలో 8 డాలర్ల 80 సెంట్లు. ఔన్సు ధరను 3.5తో గుణిస్తే 100 గ్రాముల ధర. ఔన్సు 30 సెంట్లు అయితే 100 గ్రాములు డాలరు 5 సెంట్లు. చీటీ మూలన చిన్న అక్షరాల్లో యూనిట్ ధర ఉంటుంది కాబట్టి చాలాసార్లు ఈ ఒక్క గుణకారమే చేయాలి.

అమెరికాలో అలవాటైనవాళ్లు ధర చివర 97 సెంట్లు ఉంటే తగ్గించిన ధర అని, చీటీ పై మూలన నక్షత్రం గుర్తుంటే ఆ సరుకు మళ్లీ రాదని చూసుకుంటారు. ఆ గుర్తుల్ని వేరే దేశంలో నమ్ముకోవద్దు. జపాన్ యెన్‌లో సెంట్లే ఉండవు, ఇక 97 ఎక్కడిది?

ఇక తేదీ. అమెరికాలో ముందు నెల, తర్వాత రోజు. ఆస్ట్రేలియా, బ్రిటన్‌లలో మనలాగే ముందు రోజు. జపాన్‌లో ముందు ఏడాది. 03/04 అని ఉంటే అమెరికా ప్యాకెట్ మీద అది మార్చి 4, ఆస్ట్రేలియా ప్యాకెట్ మీద ఏప్రిల్ 3. పెద్ద ప్యాకెట్ కొనేటప్పుడు ఈ తేడా తెలియాలి. మూడు కిలోల పెరుగు డబ్బా మనం తిని ముగించేదాకా ఆగుతుందా లేదా అన్నది ఈ తేదీ చూస్తేనే తెలుస్తుంది.

పేర్లూ మారతాయి. అమెరికాలో కొత్తిమీరను సిలాంట్రో అంటారు, ఆస్ట్రేలియాలో మనలాగే కొరియాండర్. అమెరికాలో బెల్ పెప్పర్, ఆస్ట్రేలియాలో మనకు తెలిసిన క్యాప్సికమ్. వంకాయ అమెరికాలో ఎగ్‌ప్లాంట్, బ్రిటన్‌లో ఆబర్జీన్. శనగలు కొన్ని డబ్బాల మీద గార్బాంజో అని ఉంటాయి.

6. ఏది కొనాలి, ఏది వదలాలి

నా లెక్క సూటిగా చెప్తాను. మీకు అలవాటైన కాస్ట్‌కోలో దొరికేదాన్ని ఇంకో దేశం కాస్ట్‌కోలో కొనకండి. కాస్ట్‌కో సొంత బ్రాండు కిర్క్‌లాండ్ బాదం, టిష్యూ పేపర్, విటమిన్ డబ్బా డల్లాస్‌లో ఉన్నాయి కదా. ఆ దేశంలో పండేది, ఆ దేశం వాళ్లు ఇష్టంగా తినేది, అది కొనండి.

కెనడాలో మేపుల్ సిరప్. ఆస్ట్రేలియాలో మకడేమియా గింజలు, మనూకా తేనె, గొర్రె మాంసం. జపాన్‌లో గ్రీన్ టీ పొడి, సముద్రపు నాచు పొరలు, బియ్యపు బిస్కెట్లు. బ్రిటన్‌లో పెద్ద టీ సంచుల ప్యాకెట్లు.

అక్కడే కాపురం ఉంటూ కొనేవాళ్లకు మాత్రం లెక్క వేరు. ఫ్రిజ్ ఎంత పెద్దదో చూసుకోండి. డల్లాస్ ఇళ్లలో గరాజ్‌లో రెండో ఫ్రిజ్ ఉంటుంది. టోక్యో అద్దె ఇంట్లో ఫ్రిజ్ మన నడుము ఎత్తు కూడా ఉండకపోవచ్చు. ఇద్దరు మనుషుల ఇంటికి ఐదు కిలోల చికెన్ చవగ్గా వచ్చినా, పెట్టే చోటు లేకపోతే మూడో రోజుకి పారేయాల్సిందే. ఆ ఊళ్లో ఇంకో తెలుగు కుటుంబం ఉంటే కలిసి కొని పంచుకోవడం మంచి పద్ధతి.

7. మాంసం, శాకాహారం: ప్రతి లేబుల్ చదవాలి

మన ప్యాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క చూసి కొనే అలవాటు మనది. ఆ చుక్క అక్కడి సరుకు మీద ఉండదు. కూరగాయల బొమ్మ ఉంది కదా అని కొనేయొద్దు.

ముందు గొడ్డు మాంసం సంగతి, మన ఇళ్లలో చాలామందికి ఇదే పెద్ద పట్టింపు. ఆస్ట్రేలియాలో "మిన్స్" అని ఊరికే రాసి ఉంటే అది చాలావరకు గొడ్డు మాంసం కైమానే. మీట్ పై కూడా అంతే. కొరియా వంటకం బుల్గోగి మామూలుగా గొడ్డు మాంసంతోనే చేస్తారు. పేరు తెలియని మాంసం ఏదైనా ట్రాలీలో వేసే ముందు అడగండి.

కనిపించనివి ఇంకా ఉన్నాయి:

- జెలటిన్: జెల్లీ మిఠాయిలు, మార్ష్‌మెలోలు, కొన్ని విటమిన్ మాత్రల పై తొడుగు. పంది లేదా ఆవు ఎముకలు, చర్మం నుంచి తీస్తారు.
- లార్డ్ అంటే పంది కొవ్వు, టాలో అంటే ఆవు కొవ్వు. రొట్టెలు, వేపుళ్లలో ఉండొచ్చు.
- రెన్నెట్: కొన్ని రకాల చీజ్‌లో, ముఖ్యంగా పర్మజాన్‌లో. దూడ పొట్ట నుంచి తీసేది.
- ఆంచొవీ: సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌లో, వూస్టర్‌షైర్ సాస్‌లో ఉండే చిన్న చేప.
- దాషి: జపాన్ సూపులు, సాస్‌లలో చాలావాటికి మూలం. ఎక్కువగా ఎండబెట్టిన చేప నుంచి వస్తుంది.

మా మరదలు పూర్తి శాకాహారి. ఆమె కోసమని మకుహరిలో నేను తెచ్చిన నూడుల్స్ ప్యాకెట్ మీద ముల్లంగి, పుట్టగొడుగుల బొమ్మలే ఉన్నాయి. హోటల్‌కి వచ్చాక ఫోన్ కెమెరాతో అనువాదం చేసి చూస్తే చేపల సారం. చూడటం ఆలస్యం చేసింది నేనే. ఆ పని కొట్టులోనే, ప్యాకెట్ చేతిలో ఉండగానే చేయాలి. శాకాహారులు వెంట ఉంటే ఒకరు కొనడం, ఇంకొకరు కెమెరాతో చదవడం అని పని పంచుకోండి.

8. చేపలు, రొయ్యలు: నెల్లూరు వాళ్లకు ప్రత్యేకంగా

ఇది నాకు ఇష్టమైన భాగం, కాస్త ఎక్కువే రాస్తాను.

అమెరికా కాస్ట్‌కోలో సాల్మన్ పెద్ద పెద్ద ముక్కలుగా దొరుకుతుంది. వేపుడుకి బాగుంటుంది. కానీ చింతపండు, మామిడికాయ వేసి నెల్లూరు చేపల పులుసు పెడితే దాని కొవ్వు పులుసులోకి దిగి రుచి మారిపోతుంది. నా వరకు సాల్మన్ పులుసుకి పనికిరాదు.

ఆస్ట్రేలియాలో బారముండి అని కనిపిస్తే వదలకండి. అది మన పండుగప్పే, అదే జాతి చేప. పేరు తెలియక మనవాళ్లు దాని ముందు నుంచే నడిచి వెళ్లిపోతారు. చర్మం తీసిన ఫిల్లెట్ అయితే పులుసులో విడిపోతుంది, చర్మం ఉన్నది తీసుకోండి. పులుసు బాగా మరిగి చిక్కబడ్డాక చివర్లో ముక్కలు వేసి, గరిట పెట్టకుండా గిన్నెనే తిప్పండి.

రొయ్యల సంచి మీద 16/20, 21/25, 31/40 అని అంకెలుంటాయి. అవి పౌనుకి ఎన్ని రొయ్యలో చెప్తాయి. ఇందుకూరుపేట, విడవలూరు, కొత్తపట్నం వైపు రొయ్యల రైతులు చెప్పే కౌంట్ కిలోకి. కాబట్టి 2.2తో గుణించండి. 21/25 అంటే కిలోకి 46 నుంచి 55. అయితే అది తల తీశాక లెక్క. చెరువు గట్టు మీద తలతో సహా తూచే మన లెక్కలో చూస్తే అది 30 కౌంట్‌కి దగ్గరగా ఉండే పెద్ద రొయ్య. ఇగురుకి 31/40 చాలు, పెద్దది కొని డబ్బు పోగొట్టుకోనక్కర్లేదు.

అమెరికాలో ఆ సంచి మీద ఏ దేశపు రొయ్యో రాసి ఉంటుంది. ఇండియా అని చాలాసార్లు కనిపిస్తుంది. మన తీరం రొయ్యను అంత దూరంలో చూస్తే నాకు మాత్రం ఒళ్లు పులకరిస్తుంది. వండినవా, పచ్చివా అన్నది కూడా చూడండి. గులాబీ రంగులో ఉంటే ఉడికించినవి, వాటిని ఇగురు పెడితే రబ్బరులా అవుతాయి.

ఆస్ట్రేలియా గొర్రె మాంసం నిజంగా బాగుంటుంది. కాకపోతే తొడ తొడగా, పెద్ద ముక్కలుగా ప్యాక్ చేసి ఉంటుంది. మన వేటమాంసం కొట్టులోలా కూర ముక్కలు కొట్టిస్తారని ఆశ పెట్టుకోకండి. ఇంట్లో మంచి కత్తి, పెద్ద చెక్క ఉంటేనే తొడ కొనండి. లేకపోతే ఎముక లేనిది తీసుకోండి.

9. ఫుడ్ కోర్టు

అమెరికాలో హాట్‌డాగ్, కూల్‌డ్రింక్ కలిపి 1.50 డాలర్లు, 1985 నుంచీ అదే ధర. కానీ అది పూర్తిగా గొడ్డు మాంసం. వేరే దేశంలో అది పంది కావచ్చు, కాబట్టి ఒకచోటి సమాచారంతో ఇంకోచోట తినొద్దు. అడగండి, లేదా చీజ్ పిజ్జా తీసుకోండి. ఐస్‌క్రీమ్ ఎక్కడైనా బాగుంది. రాగానే తినేస్తే ఆకలి మీద అడ్డదిడ్డంగా కొనడం తగ్గుతుంది.

10. బట్టలు, చెప్పులు, కరెంటు సామాన్లు

బట్టల సైజు అక్షరాన్ని నమ్మకండి. జపాన్‌లో ఎల్ అంటే అమెరికా ఎల్ కన్నా చిన్నది. మన ఇంట్లో బాగా సరిపోయే చొక్కా ఒకటి కొలత వేసి, ఛాతీ, పొడవు సెంటీమీటర్లలో ఫోన్‌లో రాసుకోండి. చెప్పులకైతే పాదం పొడవు సెంటీమీటర్లలో. జపాన్‌లో చెప్పుల సైజు సెంటీమీటర్లలోనే ఉంటుంది.

కరెంటు సామాను కొనే ముందు దాని అడుగున ఉన్న అంకె చూడండి. మన దగ్గర 230 వోల్టులు. అమెరికా, కెనడాలో 120, జపాన్‌లో 100. "100-240" అని రాసి ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది, ప్లగ్ మార్చుకుంటే చాలు. 120 అని మాత్రమే ఉన్న మిక్సీ, రైస్ కుక్కర్ లాంటివి నెల్లూరులో పెడితే కాలిపోతాయి. ఆస్ట్రేలియా, బ్రిటన్ సామాను వోల్టేజీ మనతో సరిపోతుంది, పిన్నుల ఆకారం వేరు.

11. బిల్లు కౌంటర్, గేటు, పొరపాటు జరిగితే

బరువైన పెట్టెలు ట్రాలీలోనే ఉంచి, బార్‌కోడ్ పైకి కనపడేలా తిప్పండి. సంచులు ఇవ్వరు, ఖాళీ అట్టపెట్టెలు ఉంటే తీసుకోవచ్చు. బిల్లు గేటు దగ్గర చూపించాలి, జేబులో మడిచి పెట్టేయకండి. గేటు దాటే ముందే నిలబడి చదువుకోండి.

- ఒకే సరుకు రెండుసార్లు పడితే: ఇంటికి వెళ్లకముందే సర్వీసు కౌంటర్‌లో చెప్పండి.
- వద్దనుకున్నది కొంటే: తిప్పి ఇవ్వడం ఆ దేశంలో ఉన్నప్పుడే ముగించండి. మెల్‌బోర్న్‌లో కొన్నది డల్లాస్‌లో ఇద్దామనే ఆలోచన పెట్టుకోవద్దు.
- కార్డు చెల్లకపోతే: ట్రాలీ పక్కన పెట్టమని చెప్పి ఏటీఎం ఎక్కడుందో అడగండి. చల్లని సరుకు ముందుగా వెనక్కి ఇచ్చేయండి.
- తినకూడనిది కొన్నామని ఇంటికొచ్చాక తెలిస్తే: ప్యాకెట్ తెరవకండి, బిల్లుతో కలిపి పెట్టండి.

12. పెట్టె సర్దడం, చెన్నైలో దిగడం

ఇంట్లోనే వేలాడే త్రాసుతో తూచండి. చాలా విమానాల్లో ఒక పెట్టెకి 23 కిలోలు, మీ టికెట్ మీద ఎంతుందో అదే లెక్క. ఖాళీ పెట్టె బరువే నాలుగు కిలోలు ఉండొచ్చు. నేను 22 దగ్గర ఆపేస్తాను, త్రాసుల మధ్య తేడాకి ఒక కిలో వదిలి.

తేనె, సిరప్, పీనట్ బటర్, చాక్లెట్ పేస్ట్ ఇవన్నీ విమానం వాళ్ల లెక్కలో ద్రవాలే. 100 మిల్లీలీటర్లు దాటితే చాలా విమానాశ్రయాల్లో చేతి సంచిలో పెట్టనివ్వరు. మూతకి టేపు చుట్టి, రెండు కవర్లలో వేసి, పాత చీర మధ్యలో పెట్టి పెద్ద పెట్టెలో సర్దండి. పవర్ బ్యాంక్ మాత్రం చేతి సంచిలోనే ఉండాలి.

మాంసం, పచ్చి పండ్లు, విత్తనాలు, మొక్కలు మన దేశానికి తేవద్దు. టీవీ తెస్తే కస్టమ్స్ డ్యూటీ కట్టాలి. కానుకల మొత్తం విలువకు ఒక పరిమితి ఉంది. అది మారుతూ ఉంటుంది కాబట్టి బయల్దేరే వారం కస్టమ్స్ వెబ్‌సైట్‌లో చూసుకుని, బిల్లులన్నీ ఒక కవర్లో పెట్టి చేతి సంచిలో ఉంచండి. పరిమితి దాటిందని తెలిస్తే రెడ్ చానెల్‌కి, అంటే డ్యూటీ కట్టాల్సినవాళ్లు వెళ్లే దారికి, వెళ్లి చెప్పేయడం మేలు.

చెన్నై నుంచి నెల్లూరు దాదాపు 175 కిలోమీటర్లు. తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు దాటి వచ్చేసరికి మూడు గంటలు పైనే. ఎండాకాలంలో చాక్లెట్లు ఉన్న పెట్టెను డిక్కీలో వేస్తే ఇంటికొచ్చేసరికి ముద్దయిపోతాయి. విమానాశ్రయంలోనే ఆ సంచి బయటికి తీసి, కారులో మీ కాళ్ల దగ్గర, ఏసీ తగిలేచోట పెట్టుకోండి. ఒంగోలు వెళ్లేవాళ్లకు ఇంకో రెండు గంటల ప్రయాణం ఉంది, వాళ్లు థర్మల్ సంచి తప్పనిసరిగా తెచ్చుకోవాలి.

ఇంటికొచ్చాక గింజల పెద్ద సంచి తెరిచిన రోజే పావుకిలో పొట్లాలు కట్టేయండి. మన సముద్రపు గాలికి తెరిచిన సంచి త్వరగా మెత్తబడుతుంది. పంచాల్సినవి పంచి, మిగిలినవి గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. ప్రతి పొట్లం మీదా ఒక చీటీ అంటించి, అది ఏమిటో, ఏ నెలలోపు తినాలో తెలుగులో రాయండి. పక్కింటి పెద్దామె ఎవరినీ అడక్కుండా చదువుకోగలగాలి.